గీత, పేరు, కొండ: డార్జిలింగ్ పాత సర్వే పటంపై ఒక పరిశీలన

పటాన్ని చూడడం వేరు, చదవడం వేరు. దారి వెతుక్కునేవారికి అది పనిముట్టు. చరిత్రను వెతికేవారికి అది గ్రంథం. గ్రంథానికి ఉన్నట్టే పటానికీ కర్త, కాలం, పోషకుడు, ప్రయోజనం ఉంటాయి. ఏది గీయాలో, ఏది విడిచిపెట్టాలో పటకర్త కూడా నిర్ణయించుకోవలసిందే. అయినప్పటికీ శాసనాలను, కైఫియతులను, దండకవిలెలను నిశితంగా పరీక్షించే మన చరిత్ర రచన, సర్వే పటాలను మాత్రం పుస్తకం చివర మడతపెట్టిన అనుబంధాలుగానే చూస్తూ వచ్చింది.

నిజానికి తెలుగు పాఠకులకు పటానికీ, కథనానికీ ఉన్న బాంధవ్యం కొత్త సంగతి కాదు. కాలిన్ మెకంజీ పేరు ఈ ప్రాంతంలో కైఫియతులను సేకరింపజేసిన వ్యక్తిగా సుపరిచితం. అయితే ఆయన వృత్తి సర్వే. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితుడైనది ఆయనే. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య వంటి సహాయకులు ఆయన కోసం ఊరూరా తిరిగి స్థానిక వృత్తాంతాలను సేకరించారు. నేలను కొలిచే పనీ, ఆ నేల మీద ఏమి జరిగిందని అడిగే పనీ ఆ రోజుల్లో ఒకే అధికారి పర్యవేక్షణలో సాగాయి. తరువాతి తరాల సర్వే శాఖ కొలతకు పరిపూర్ణత తెచ్చింది; కథనాన్ని విడిచిపెట్టింది. ఆ విడిపోవడంలో పోయినదేమిటి, మిగిలినదేమిటి అన్న ప్రశ్నకు సమాధానం చెప్పగల పటాలలో తూర్పు హిమాలయపు రైలు పట్టణమైన డార్జిలింగ్ పటం ముఖ్యమైనది.

నాలుగు షీట్ల కూడలి

1904-05లో సమావేశమైన భారత సర్వే సంఘం సిఫారసుల తరువాత దేశమంతటికీ రంగుల్లో ముద్రించిన ఆధునిక స్థలాకృతి పటాలు తయారు కావడం మొదలైంది. ఒక అంగుళానికి ఒక మైలు, అంటే 1:63,360 స్కేలు ఆ శ్రేణికి ప్రమాణం. ఒక్కొక్క షీటు అక్షాంశంలో 15 నిమిషాలు, రేఖాంశంలో 15 నిమిషాలు ఆవరిస్తుంది. ఎత్తును తెలిపే సమోన్నత రేఖలు గోధుమరంగులో, నీరు నీలంలో, అడవి ఆకుపచ్చలో, సాగుభూమి పసుపులో, రోడ్లు, జనావాసాలు ఎరుపులో, రైలుమార్గాలు, పేర్లు నలుపులో ఉంటాయి. దేశమంతటికీ ఒకే లిపి అనదగిన ఈ సంకేత వ్యవస్థ ఆ శాఖ సాధించిన గొప్ప విజయాలలో ఒకటి. దాని అక్షరాలు తెలిసినవాడు కోనసీమ షీటును ఎలా చదవగలడో, కాశ్మీరపు షీటునూ అలాగే చదవగలడు.

ఈ వరుసలో డార్జిలింగ్ పట్టణం 78ఎ/8 సంఖ్య గల షీటులో పడమటి అంచుకు దగ్గరగా ఉంటుంది. అదే షీటులో తూర్పు అంచుకు దగ్గరగా కాలింపాంగ్ ఉంటుంది. రెండింటి నడుమ రంగీత్ నది తీస్తాలో కలుస్తుంది. కుర్సియాంగ్ పట్టణం దక్షిణాన ఉన్న 78బి/5లో, రైలు బయలుదేరే సిలిగురి ఇంకా కిందనున్న 78బి/6లో ఉన్నాయి. ఇక మార్గంలోని అత్యున్నత స్థానం ఘూమ్. సముద్రమట్టానికి 7,407 అడుగుల ఎత్తున ఉన్న ఆ స్టేషను, 27 డిగ్రీల అక్షాంశం, 88 డిగ్రీల 15 నిమిషాల రేఖాంశం ఖండించుకునే బిందువుకు అతి సమీపంలో ఉంది. అది నాలుగు షీట్లు కలిసే మూల. భారతదేశంలో అన్నిటికంటే ఎత్తైన ఈ రైలు స్టేషను పరిసరాలను పూర్తిగా చూడదలచినవారు నాలుగు కాగితాలను అంచులు కలిపి పరచుకోవలసి ఉంటుంది.

ఇది యాదృచ్ఛికమే. కాని ఈ యాదృచ్ఛికతలో ఒక సూత్రం దాగి ఉంది. షీటు సరిహద్దులను నిర్ణయించినది గణితం. కొండ గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఒక ఊరి సంతకు ఏ ఊళ్ళ వారు వస్తారు అన్న విషయాలతో దానికి నిమిత్తం లేదు. నిష్పాక్షికతే దాని బలం. స్థలానికి గల సహజమైన ఐక్యత పట్ల ఉదాసీనతే దాని బలహీనత.

గీతల సాక్ష్యం

డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే నిర్మాణం 1879లో ఆరంభమై, 1880 ఆగస్టులో కుర్సియాంగ్‌కు, 1881 జూలైలో డార్జిలింగ్‌కు చేరింది. ఈస్టర్న్ బెంగాల్ రైల్వేకు చెందిన ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ దీని రూపకర్త. అప్పటికి పుష్కర కాలం ముందే పూర్తయి ఉన్న హిల్ కార్ట్ రోడ్డు అంచునే రెండడుగుల వెడల్పు పట్టాలు వేయవచ్చునన్నది ఆయన ప్రతిపాదన. సుమారు 400 అడుగుల ఎత్తునున్న సిలిగురి నుంచి ఘూమ్ వరకు రైలు ఏడు వేల అడుగులు ఎక్కుతుంది. అక్కడి నుంచి 6,812 అడుగుల వద్దనున్న డార్జిలింగ్ స్టేషనుకు దిగుతుంది. ఈ మార్గమంతటిలో ఒక్క సొరంగమూ లేదు.

ఆ చివరి వాక్యానికి అర్థం పటం మీదనే స్పష్టమవుతుంది. సిలిగురి నుంచి సుక్నా వరకు మైదానంలో రైలు గీత దాదాపు సూటిగా సాగుతుంది. సుక్నా అడవిలో గోధుమరంగు రేఖలు దగ్గరపడగానే నల్లగీత మెలికలు తిరగడం ఆరంభిస్తుంది. తీన్‌ధారియా ప్రాంతంలో మహానంద లోయ అంచులను పట్టుకుని పైకి పాకి, కుర్సియాంగ్ దాటిన పిమ్మట బాలాసన్ లోయ వైపు వాలుమీదుగా ఘూమ్ చేరుతుంది. ఎక్కడా అది సమోన్నత రేఖలను అడ్డంగా నరుక్కుని పోదు. వాటితో ఏటవాలుగా రాజీపడుతూ పోతుంది. కొండ ఒప్పుకున్నంత మేరకే ఎక్కిన దారి ఇది.

తెలుగు పాఠకులు దీనిని అనంతగిరి కొండల్లోని కొత్తవలస–కిరండూల్ మార్గంతో పోల్చి చూడవచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960 దశకంలో నిర్మించిన ఆ బ్రాడ్‌గేజి మార్గం యాభైకి పైగా సొరంగాలతో కొండలను తొలుచుకుని అరకు లోయకు చేరుతుంది. పటం మీద ఆ గీత చాలాచోట్ల సమోన్నత రేఖల కిందుగా మాయమై, అవతల మళ్ళీ తేలుతుంది. ఒకటి బరువైన సరుకు కోసం కొండను ఛేదించిన దారి. మరొకటి మనుషులను, బియ్యాన్ని, తేయాకును మోయడానికి కొండ చుట్టూ తిరిగిన దారి. రెండు నిర్మాణాల స్వభావమూ వాటి గీతల్లోనే ఉంది.

అయితే గీతను పూర్తిగా నమ్మడానికీ వీలులేదు. ఈ స్కేలులో అర మిల్లీమీటరు మందంగల గీత నేల మీద 104 అడుగుల వెడల్పుకు సమానం. పట్టాల అసలు వెడల్పు రెండడుగులే. 'అగొనీ పాయింట్' అని పేరుపడిన చోట మలుపు వ్యాసార్ధం 60 అడుగుల లోపే. ఉన్నది ఉన్నట్టు గీస్తే ఆ చుట్టు మొత్తం పటం మీద ఒక మిల్లీమీటరైనా ఉండదు. రైలు, రోడ్డు ఒకదానినొకటి వందకు పైగా చోట్ల దాటుకుంటాయి; వాటన్నిటినీ ఈ స్కేలులో చూపడం అసాధ్యం. కాబట్టి పటకర్త కొన్నిటిని పెంచాడు, కొన్నిటిని కలిపివేశాడు, కొన్నిటిని విడిచిపెట్టాడు. ఇది లోపం కాదు, అనువాదకుడు ఎదుర్కొనే సమస్య వంటిదే. మూలంలోని ప్రతి పదాన్నీ తేలేనివాడు దేనిని తప్పక తేవాలో తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలో రైలు ఎప్పుడూ గెలిచింది. కాలిబాట, ఝోరా అనే కొండవాగు, కూలీల గుడిసె తరచు ఓడిపోయాయి.

పేర్ల సాక్ష్యం

కైఫియతు వెళ్ళిపోయిన పటంలో కథనానికి మిగిలిన చోటు ఒక్కటే: స్థలనామం. డార్జిలింగ్ పటానికి అసలైన సాహిత్య విలువ ఇక్కడ ఉంది. టిబెటన్, లెప్చా, నేపాలీ, బెంగాలీ, ఇంగ్లీషు పేర్లు ఒకే కొండవాలు మీద ఒకదాని పక్కన ఒకటి నిలిచి ఉంటాయి. డార్జిలింగ్ పేరుకు మూలం 'దోర్జె-లింగ్' అన్న టిబెటన్ మాట. కుర్సియాంగ్ పేరును లెప్చా భాషలో తెల్లని ఆర్కిడ్ పువ్వుకు గల పేరుతో ముడిపెడతారు. తీన్‌ధారియా అంటే మూడు కొండగట్లు. సైనిక శిబిరం వెలసిన జలాపహాడ్ పేరు చూసి తెలుగు పాఠకుడు నీళ్ళ కొండ అనుకునే ప్రమాదం ఉంది. అక్కడి వాడుకలో దాని అర్థం కాలిన కొండ. దాని పక్కనే కటాపహాడ్, అంటే నరికిన కొండ. ఒక అడవి ఎలా పట్టణంగా మారినదో ఈ రెండు పేర్లు రెండు మాటల్లో చెబుతాయి. ఏ అధికార నివేదికా ఇంత క్లుప్తంగా చెప్పలేదు.

అన్నిటికంటే విలువైన సాక్ష్యం పాగ్లాఝోరా. తీన్‌ధారియా, కుర్సియాంగ్‌ల మధ్యనున్న ఈ వాగు పేరుకు అర్థం పిచ్చివాగు. సమోన్నత రేఖలు అక్కడి వాలు ఎంత నిటారుగా ఉన్నదో చూపగలవు. ఆ వాలు వానాకాలంలో ఎలా ప్రవర్తిస్తుందో చూపలేవు. ఆ సంగతి చెప్పినది పేరు. వాగు ఒడ్డున బతికినవారు దాని గుణాన్ని గమనించి పెట్టుకున్న పేరును సర్వేయరు వినిన మేరకు రాసుకున్నాడు. ఆ విధంగా కొలతల గ్రంథంలోకి ఒక ఒంటిపదపు కైఫియతు ప్రవేశించింది.

పేరు చేసిన హెచ్చరిక వృథా కాలేదని చరిత్ర రుజువు చేసింది. 2010 జూన్‌లో పాగ్లాఝోరా వద్ద కొండచరియ విరిగి రోడ్డును, రైలుమార్గాన్ని తెంచివేసింది. 2011 సెప్టెంబరు నాటి సిక్కిం భూకంపం తరువాత తీన్‌ధారియా వద్ద మరొక చరియ జారింది. సిలిగురి నుంచి డార్జిలింగ్ వరకు పూర్తి రైలు ప్రయాణం 2015 డిసెంబరులో గాని తిరిగి ఆరంభం కాలేదు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన మార్గం ఐదేళ్ళకు పైగా రెండు ముక్కలుగా ఉండిపోయిందంటే ఆ వాలు శక్తి ఎంతటిదో ఊహించవచ్చు. అంతకు శతాబ్దం ముందే, 1899 సెప్టెంబరు వర్షాలకు డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగి 72 మంది మరణించారు. పటం మీద కొండ కదలదు. నేల మీద అది కదులుతూనే ఉంటుంది.

పటం పలకని సంగతులు

1835లో సిక్కిం రాజు ఇచ్చిన దానపత్రం ద్వారా డార్జిలింగ్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1839లో వంద మందికి మించని జనాభా 1849 నాటికి సుమారు పది వేలకు చేరింది. 1856లో వాణిజ్య ప్రాతిపదికన మొదలైన తేయాకు తోటలు 1874 నాటికి 113 అయ్యాయి. తుక్వార్, బాదామ్‌తామ్, గింగ్ వంటి తోటల పేర్లు పటం మీద ఊళ్ళ పేర్లకు సమానమైన గౌరవంతో కనిపిస్తాయి. కాని ఆ తోటల్లో ఆకు కోసినవారు నేపాల్ కొండల నుంచి ఎందుకు వచ్చారో, అంతకు ముందు ఆ వాలుల్లో పోడు చేసుకున్న లెప్చాలు ఎటు పోయారో పటం చెప్పదు. చెప్పడం దాని పని కాదన్నది నిజమే. కాని చెప్పనిది లేనిదే అనుకునే అలవాటును పటం పాఠకునిలో సులువుగా పెంచుతుంది. విమర్శ జాగ్రత్తపడవలసినది ఆ అలవాటు విషయంలోనే.

పటకర్తల విషయంలోనూ ఇదే మౌనం. ప్రచురణకు ఆదేశించిన సర్వేయర్ జనరల్ పేరు షీటు అంచున ముద్రితమవుతుంది. గొలుసు పట్టినవారు, జెండా మోసినవారు, చెట్టు కొట్టి చూపుకు దారి చేసిన ఖలాసీలు ఎవరో తెలియదు. డార్జిలింగ్ నుంచి టిబెట్‌కు వెళ్ళిన కిన్‌థప్ వృత్తాంతం ఈ మౌనానికి మంచి ఉదాహరణ. సాంగ్‌పో నది, బ్రహ్మపుత్ర ఒకటేనా అని తేల్చడానికి 1880లో అతనిని ఒక లామాతో కలిపి పంపారు. ఆ లామా అతనిని బానిసగా అమ్మివేశాడు. చదువురాని ఆ మనిషి తప్పించుకుని, అప్పగించిన పనిని మరువక, గుర్తు పెట్టిన 500 దుంగలను రోజుకు యాభై చొప్పున నదిలో వదిలాడు. దిగువన వాటిని కనిపెట్టవలసిన వారికి కబురు సకాలంలో అందలేదు. దుంగలను ఎవరూ చూడలేదు. నాలుగేళ్ళకు తిరిగి వచ్చిన అతని మాటను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. డార్జిలింగ్‌లో దర్జీ పని చేసుకుంటూ బతికిన అతని వాంగ్మూలం చాలావరకు నిజమేనని 1913 నాటి అన్వేషణ తరువాత గాని అంగీకరించలేదు. మెకంజీ సేకరణలో కావలి సోదరులకు దక్కిన పేరు, శతాబ్దం గడిచేసరికి సర్వే సహాయకులకు దక్కకుండా పోయింది.

పోయిన రైలుదారి

పాత పటానికి గల మరొక ప్రయోజనం, నేల మీద లేనిదానిని భద్రపరచడం. తీస్తా లోయ వెంబడి గేల్‌ఖోలా వరకు వేసిన శాఖామార్గం 1915లో ఆరంభమైంది. కాలింపాంగ్ వర్తకానికి అది ఆయువుపట్టు. 1950 వరదల్లో మార్గం కొట్టుకుపోయిన తరువాత దానిని తిరిగి వేయలేదు. ఆ మధ్యకాలపు షీట్లలో తీస్తా పక్కన నడిచే నల్లగీత, తరువాతి ముద్రణలతో పోల్చినప్పుడు, నది ఎంత మార్గాన్ని తనలో కలుపుకున్నదో కొలిచి చూపగల దస్తావేజు.

2009లో శంకుస్థాపన జరిగిన సెవోక్–రంగ్‌పో రైలుమార్గం అదే లోయలో, అత్యధిక భాగం సొరంగాల్లో సాగేలా రూపుదిద్దుకుంది. పాత దారి నది పక్కన నడిచింది; కొత్త దారి కొండ కడుపులోకి వెళ్ళింది. 2023 అక్టోబరులో సిక్కింలోని హిమానీనద సరస్సు గండిపడి తీస్తా ఉప్పొంగినప్పుడు లోయలోని జనావాసాలు మునిగాయి. 2025 అక్టోబరులో మిరిక్, డార్జిలింగ్ ప్రాంతాల్లో కొండచరియలు ప్రాణాలు తీశాయి. ఈ వరుసలో పాత షీటును వినోదవస్తువుగా గోడకు తగిలించుకోవడం దానికి న్యాయం చేయడం కాదు.

విలువ, వినియోగం

మెట్రిక్ పద్ధతి వచ్చిన తరువాత అంగుళపు షీట్ల స్థానాన్ని 1:50,000 స్కేలు పటాలు ఆక్రమించాయి. సరిహద్దు ప్రాంతం కావడంతో డార్జిలింగ్ పటాలు చాలాకాలం నియంత్రణలో ఉండి, సామాన్య పరిశోధకునికి దుర్లభమయ్యాయి. 2005 నాటి జాతీయ పట విధానం రక్షణ అవసరాల పటాలనూ, ప్రజలకు అందుబాటులో ఉండే పటాలనూ వేరుచేసింది. 2021 మార్గదర్శకాలు భౌగోళిక సమాచారంపై ఆంక్షలను బాగా సడలించాయి. పాత పటాన్ని బహిరంగంగా చర్చించడానికి ఉన్న అడ్డంకులు ఈ విధంగా తగ్గాయి. ఇక కావలసినది చదివే శ్రద్ధ.

ఆ శ్రద్ధ రెండు దిశల్లో సాగవలసి ఉంది. మొదటిది, పరిపాలనకు సంబంధించినది. కొండ పట్టణంలో భవనానికి, రోడ్డుకు అనుమతి ఇచ్చే ముందు ఆ స్థలపు పాత షీటును కొత్త పటం పక్కన ఉంచి చూడడం కష్టమైన పని కాదు. పాత పటంలో నీలిగీతగా ఉన్న ఝోరా కొత్త పటంలో ఇళ్ళ వరుసగా మారినట్లయితే, వాననీరు మాత్రం పాత పటాన్నే అనుసరిస్తుందని గుర్తించాలి. రెండవది, సంస్కృతికి సంబంధించినది. షీటు మీద ఉన్న ప్రతి స్థలనామానికి లెప్చా, నేపాలీ, టిబెటన్ భాషల్లోని అసలు రూపాన్ని, అర్థాన్ని, ఆ పేరు వెనుకనున్న వృత్తాంతాన్ని పెద్దలు బతికి ఉండగానే సేకరించాలి. తరాల సర్వేయర్లకు శిక్షణ ఇచ్చిన సంస్థ హైదరాబాద్‌లోని ఉప్పల్‌లోనే ఉంది. కొలత నేర్పే చోట వృత్తాంతం అడగడం కూడా నేర్పినట్లయితే మెకంజీ నాటి సంప్రదాయానికి కొనసాగింపు లభిస్తుంది. మన అనంతగిరి, పాడేరు కొండల్లోని వాగులకూ ఇటువంటి పేర్లు, ఇటువంటి సంగతులు లేకపోలేదు.

మొత్తం మీద డార్జిలింగ్ పాత పటం కొలతలో నిజాయితీగల రచన, మనుషుల విషయంలో పొదుపరి రచన. దాని గీతలు ఇంజనీరుకు ఎంత చెప్పగలవో అంత చెప్పాయి. దాని పేర్లు అంతకంటే ఎక్కువ చెప్పాయి. కాని వాటిని అడిగినవారు తక్కువ. పిచ్చివాగు అని రాసి ఉన్న చోట శతాబ్దం పైగా రోడ్డు మరమ్మతులు చేస్తూ వచ్చినవారు ఆ రెండు మాటలను చదివారు గాని, సాక్ష్యంగా స్వీకరించలేదు. పటానికి విమర్శ చేయగల సేవ ఆ సాక్ష్యాన్ని రికార్డులోకి ఎక్కించడమే.